చదువుకు అధికారం, చదువుకు తీరిక

జ్ఞానం ఎవరికి దక్కాలన్న ప్రశ్న భారతీయ తత్త్వశాస్త్రానికి చాలా పాతది. శాస్త్రం దీన్ని అధికార విచారం అంటుంది. అంటే ఒక విద్యను ఆరంభించే ముందే దాన్ని నేర్వడానికి తగినవారు ఎవరు, వారికి ఏయే లక్షణాలు ఉండాలి, ఎవరికి దాన్ని చెప్పకూడదు అని తేల్చుకోవడం. వేదాంత గ్రంథాలు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని అనుబంధ చతుష్టయమని పిలిచి, వాటిని నిర్దేశించిన తర్వాతే ప్రధాన విషయంలోకి దిగుతాయి. ఈ విచారంలో విద్య ఎవరికి అన్న ప్రశ్నకూ, దాన్ని ఎలా అందుకోవాలన్న ప్రశ్నకూ విస్తారమైన సమాధానాలు ఉన్నాయి గాని, ఎప్పుడు అన్న ప్రశ్న మాత్రం పంచాంగానికీ, పాఠశాల నియమాలకూ వదిలిపెట్టిన చిన్న విషయంగా మిగిలిపోయింది. చదువు చెప్పే రోజు ఏది, ఆ రోజున ఎవరికి తీరిక ఉంటుంది, ఎవరికి ఉండదు అన్నది కూడా అధికారాన్ని నిర్ణయించే విషయమేననీ, తీరికను లెక్కలోకి తీసుకోని విద్య అందరికీ తెరిచామని చెప్పుకున్నా కొందరికి మూసి ఉన్నట్టేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదులోని జూబ్లీహిల్స్‌లో ఉన్న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమూ, అదే కొండల మీద తెలుగు సినిమా పరిశ్రమకు నిలయమైన ఫిల్మ్‌నగర్ ప్రాంతమూ పక్కపక్కనే ఉండటం వల్ల ఈ ప్రశ్నను ఊహలో కాకుండా నేల మీద నిలబెట్టి పరిశీలించే వీలు కలుగుతుంది.

అధికారికి రెండు లక్షణాలు

వేదాంతం అధికారిని నిర్వచించేటప్పుడు సాధన చతుష్టయాన్ని చెబుతుంది. నిత్యమైనదేదో అనిత్యమైనదేదో విడదీసి చూడగల వివేకం, ఇహపర భోగాల మీద ఆశ లేని వైరాగ్యం, శమం, దమం మొదలైన ఆరు గుణాల సంపత్తి, విడుదల కావాలన్న తీవ్రమైన కోరిక అనే ఈ నాలుగూ మనిషి లోపల ఉండేవి. వీటిని ఎవరైనా సాధించుకోవచ్చు, సాధించుకోనివారు ఎంత గొప్ప ఇంట పుట్టినా అధికారులు కాలేరు. అయితే అదే సంప్రదాయం బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలోని అపశూద్రాధికరణంలో మరో రకమైన అర్హతను చర్చించింది. వేదాధ్యయనం ద్వారా కలిగే బ్రహ్మవిద్యలో శూద్రులకు అధికారం లేదని శంకరాచార్యులు అక్కడ నిర్ణయించి, ఇతిహాస పురాణాల ద్వారా జ్ఞానం పొందే మార్గం నాలుగు వర్ణాలకూ ఉందని చెప్పారు. ఈ విధంగా అధికారమనేది లోపలి అర్హత, బయటి అర్హత అని రెండుగా విడిపోయింది. మొదటిది సాధనతో వచ్చేది, రెండోది పుట్టుకతో నిర్ణయమయ్యేది.

ఉపనిషత్తులలోనే ఈ రెండింటి మధ్య ఉన్న ఒత్తిడి కనిపిస్తుంది. ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో సత్యకాముడనే బాలుడు చదువుకోవాలని హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్ళినప్పుడు, గోత్రమేమిటని ఆయన అడగగా, తన తల్లి జబాల అనేక ఇళ్ళలో పనిచేస్తూ తిరిగే రోజులలో తనను కన్నదనీ, అందువల్ల గోత్రం ఆమెకే తెలియదనీ ఉన్నదున్నట్టు చెబుతాడు. ఆ సత్యాన్నే అర్హతగా భావించి గౌతముడు అతన్ని శిష్యుడిగా చేర్చుకుంటాడు. గోత్రం చెప్పలేనివాడి నుంచి లోపలి అర్హతకు రుజువు దొరికింది గనుక గురువు బయటి అర్హతను పట్టుకుని వేలాడలేదు అన్నది ఈ కథకు చేయదగిన ఒక వ్యాఖ్య. శంకరులు ఇదే ఘట్టాన్ని, అంతటి సత్యం పలికినవాడు బ్రాహ్మణుడే అయి ఉండాలని గురువు నిర్ణయించుకున్నాకే ఉపనయనం చేశాడన్న దిశగా వ్యాఖ్యానించారు. ఒకే కథ ద్వారాన్ని తెరిచినట్టూ, మూసినట్టూ కూడా చదవడానికి వీలున్నదంటే, అధికార సమస్యను గ్రంథాలే తేల్చివేయలేదనీ, ప్రతి కాలంలోనూ ఆ కాలపు విద్యాసంస్థలు దాన్ని మళ్ళీ తేల్చుకోవలసి వచ్చిందనీ అర్థమవుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు తెలుగు నేల మీద ఈ సమస్యను తేల్చడానికి జరిగిన ప్రయత్నాలలో సార్వత్రిక విశ్వవిద్యాలయ స్థాపన ముఖ్యమైనది. సార్వత్రిక విశ్వవిద్యాలయమంటే, తరగతి గదిలో రోజూ కూర్చోగలిగినవారికే పరిమితం కాకుండా, అచ్చు పాఠాలు, రేడియో, టెలివిజన్, అప్పుడప్పుడు జరిగే ముఖాముఖి తరగతుల ద్వారా దూరాన ఉన్నవారికి ఉన్నత విద్య అందించే సంస్థ. బ్రిటన్‌లో 1969లో రాయల్ చార్టర్ పొంది 1971లో బోధన ప్రారంభించిన ఓపెన్ యూనివర్సిటీ ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చింది. భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో 1982లో ఏర్పడింది. అంతకు ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జి. రాంరెడ్డి దీనికి తొలి ఉపకులపతి అయ్యారు. ఆ తర్వాత ఆయనే 1985లో స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతిగా వెళ్ళారు. సంప్రదాయ విశ్వవిద్యాలయం ఎత్తైన దంతపు గోపురమైతే దాని తలుపులు బార్లా తెరవడమే ఈ కొత్త విద్య చేసే పని అన్న భావం ఆయన సంపాదకత్వంలో 1988లో వెలువడిన ఇంగ్లీషు గ్రంథం పేరులోనే ఉంది. 1991లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీకి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఈ సంస్థ అధికార సమస్యను పరిష్కరించిన తీరు తాత్త్వికంగా గమనించదగినది. నిర్ణీత వయసు నిండినవారు ఎవరైనా, బడికి వెళ్ళిన ధ్రువపత్రం లేకపోయినా, ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశాన్ని ఇది ఆరంభం నుంచి చాలా ఏళ్ళ పాటు ఇచ్చింది. పాఠాలను తెలుగులో రాయించింది. చర్లపల్లి వంటి కారాగారాలలో శిక్ష అనుభవిస్తున్నవారిని కూడా విద్యార్థులుగా చేర్చుకుంది. బయటి అర్హతలను ఈ విధంగా తొలగించినా లోపలి అర్హతను మాత్రం ఇది తొలగించలేదు. చివర జరిగే పరీక్ష, దానికి కావలసిన శ్రమ, చదివిన విషయాన్ని సొంత మాటలలో చెప్పగల శక్తి అందరికీ సమానంగానే ఉండాలని కోరింది. వేదాంతం చెప్పిన రెండు అధికారాలలో పుట్టుకనూ పత్రాన్నీ పక్కన పెట్టి, సాధనను మాత్రమే నిలుపుకున్న వ్యవస్థ ఇది. విద్యకు ప్రవేశం దగ్గర కాకుండా ఫలితం దగ్గర కాపలా పెట్టడం న్యాయమని ఒప్పుకునేవారు ఈ పరిష్కారాన్ని కూడా ఒప్పుకోవలసి ఉంటుంది.

చదువుకు తగిన రోజు

ఎవరు అన్న ప్రశ్నకు ఇంత స్పష్టమైన సమాధానం వచ్చిన తర్వాత, ఎప్పుడు అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ధర్మశాస్త్రాలు అనధ్యాయాలను, అంటే వేదం చదవకూడని రోజులను, జాగ్రత్తగా నిర్ణయించాయి. అమావాస్య, పౌర్ణమి, చతుర్దశి, అష్టమి తిథులలో అధ్యయనం ఆపాలని మనుస్మృతి విధిస్తుంది. ఈ ఆచారం వేదపాఠశాలల నుంచి మామూలు చదువులోకి కూడా వచ్చి, తెలుగు పల్లెలలోని పాత వీధిబడులు ఆదివారం సెలవు తెలియని కాలంలో తిథులను బట్టి మూతపడేవి. చదువు రోజూ సాగే పని అయినప్పుడు విశ్రాంతికి ఒక రోజు కావాలి, ఆ రోజు పంచాంగం చెబుతుంది అన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న తర్కం. రోజూ చదువుకోగలిగినవారి తర్కం ఇది.

బౌద్ధ సంఘం సరిగ్గా అవే తిథులను తీసుకుని తలకిందులుగా ఉపయోగించింది. వినయపిటకంలోని మహావగ్గంలో ఉపోసథం, అంటే నిర్ణీత తిథులలో సంఘం ఒకచోట చేరే విధి, పుట్టిన సందర్భం వివరంగా ఉంది. ఇతర మతాల పరివ్రాజకులు పక్షంలో ఎనిమిది, పద్నాలుగు, పదిహేను రోజులలో ఒకచోట చేరి ధర్మం చెబుతున్నారనీ, జనం వినడానికి వెళ్ళి వారి మీద అభిమానం పెంచుకుంటున్నారనీ గమనించిన మగధ రాజు బింబిసారుడు, బౌద్ధ భిక్షువులు కూడా అలాగే చేరితే బాగుంటుందని బుద్ధుడికి విన్నవించాడు. బుద్ధుడు ఒప్పుకున్నాడు. భిక్షువులు ఆ రోజులలో చేరి ఏమీ మాట్లాడకుండా కూర్చునేసరికి, వినడానికి వచ్చిన జనం నొచ్చుకుని విమర్శించారు. దాంతో ఆ రోజులలో ధర్మం బోధించాలని బుద్ధుడు నియమం చేశాడు. ప్రాతిమోక్షాన్ని, అంటే భిక్షువుల నియమావళిని, పక్షానికొకసారి సంఘం ముందు పఠించే విధి ఆ తర్వాత దీనికి జతపడింది.

ఈ ఘట్టంలో మూడు విషయాలు ఉన్నాయి. నిర్ణీతమైన రోజున చేరమన్న సలహా సంఘం లోపలి నుంచి కాక బయట ఉన్న గృహస్థు నుంచి వచ్చింది. చేరడం ఒక్కటే చాలదని, చేరినచోట మాట్లాడాలని, వినడానికి వచ్చిన మామూలు జనమే పట్టుబట్టారు. ఏడెనిమిది రోజులకొకసారి వచ్చే ఆ సమావేశం, రోజూ ఆశ్రమంలో ఉండలేని రైతుకూ, వర్తకుడికీ, గృహిణికీ విద్యతో క్రమమైన సంబంధమైంది. ఒక సంప్రదాయం అధ్యయనాన్ని ఆపిన తిథులలోనే మరో సంప్రదాయం బోధనను బహిరంగంగా జరిపింది. నిత్యం చదివేవారి విరామ దినం నిత్యం పనిచేసేవారికి చదువుకునే దినమైంది.

తెలుగు నేలకు ఈ చరిత్రతో ఉన్న అనుబంధం దగ్గరిది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి దగ్గర, నేటి నాగార్జునకొండలో, అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు మొదలైన వేర్వేరు శాఖల బౌద్ధులకు వేర్వేరు విహారాలు ఉండేవి. వీరపురుషదత్తుడి పాలనలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం, కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, తామ్రపర్ణి మొదలైన దేశాల ప్రజలకు ధర్మం చేరవేసిన సింహళ ఆచార్యులను స్మరిస్తుంది. దూరాన ఉన్నవారికి విద్యను మోసుకుపోవడం ఆనాడు గౌరవంగా శాసనంలో చెక్కించుకోదగిన పని. ఆ విహారాలున్న లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునగబోతున్నందున 1954 నుంచి 1960 దాకా విస్తృతంగా తవ్వకాలు జరిపి శిథిలాలను ఎత్తైన చోటికి తరలించారు. దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని 1982 ఆగస్టు 26న అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ప్రారంభించినది కూడా ఆ నాగార్జునసాగర్‌లోనే.

ఆదివారం ఎలా దొరికింది

ఉపోసథ దినాన్ని చంద్రుడు నిర్ణయిస్తే, నేటి తరగతి దినాన్ని కార్మిక చరిత్ర నిర్ణయించింది. సార్వత్రిక విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రాలు ఎక్కువగా ప్రభుత్వ కళాశాలలలో పనిచేస్తాయి; మామూలు విద్యార్థులకు సెలవైన ఆదివారాలలో ఖాళీగా ఉన్న ఆ గదులలోనే కౌన్సెలర్లుగా పిలిచే అధ్యాపకులు సంపర్క తరగతులు నిర్వహిస్తారు. వారమంతా ఇంటి దగ్గర, బస్సులో, పని మధ్య దొరికిన విరామంలో అచ్చు పాఠం చదివిన విద్యార్థి ఆ రోజున సందేహాలతో వస్తాడు. ఒకరి సెలవు దినం మరొకరి చదువు దినం కావడమన్న పాత బౌద్ధ ఏర్పాటు పేరు తెలియకుండానే ఇక్కడ మళ్ళీ అమలులోకి వచ్చింది.

ఆదివారం సెలవు తనంతట తాను వచ్చింది కాదు. జోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమంలో పనిచేసిన నారాయణ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి ఏళ్ళ తరబడి పోరాడగా, 1890 జూన్ 10న మిల్లు యజమానులు వారానికొక రోజు సెలవుకు అంగీకరించారు. పని గంటల చరిత్రలో ఆ తర్వాతి పెద్ద మలుపు డాక్టర్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో వచ్చింది. ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటలుగా ఉన్న గరిష్ఠ పనికాలాన్ని 1946 నాటి చట్ట సవరణ 48 గంటలకు తగ్గించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953 జనవరి 12న గౌరవ డాక్టరేటు ఇచ్చి సత్కరించిన ఆ మహనీయుడిని చదువు విలువ చెప్పినవాడిగా అందరూ తలుచుకుంటారు. చదువుకు కావలసిన తీరికను శ్రామికులకు చట్టం ద్వారా సంపాదించిపెట్టినవాడిగా తలుచుకోవడం తక్కువ. ఆయన పేరు మోస్తున్న విశ్వవిద్యాలయం ఆదివారం నాడు తరగతులు జరపడంలో ఈ రెండు వారసత్వాలూ కలుస్తాయి.

కలిసి కూర్చోవడం ఎందుకు

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. పాఠం అచ్చులో ఇంటికి వస్తున్నది, ఉపన్యాసం రికార్డై ఫోనులో ఉన్నది, తెలంగాణలో టీ-శాట్ విద్య, నిపుణ వంటి ఛానళ్ళు ఎప్పుడంటే అప్పుడు చూడగలిగే పాఠాలు ఇస్తున్నవి. అలాంటప్పుడు వారానికొకసారి మనుషులు ఒకచోట చేరవలసిన అవసరం ఏమిటి? తీరిక లేనివాడిని ఒక రోజుకు కట్టిపడేయడం కన్నా, అతనికి వీలైన క్షణంలో పాఠాన్ని అందుబాటులో ఉంచడమే నిజమైన సార్వత్రికత కదా?

ఈ ఆక్షేపణకు న్యాయదర్శనంలో సమాధానం ఉంది. గౌతముడి న్యాయసూత్రాలు నాలుగో అధ్యాయంలో, తత్త్వజ్ఞానం నిలబడాలంటే శాస్త్రాన్ని అభ్యసించడంతో పాటు ఆ విద్య తెలిసినవారితో సంవాదం జరపాలని చెప్పి, ఆ సంవాదం ఎవరితో జరపాలో కూడా వివరిస్తాయి: శిష్యుడు, గురువు, సహాధ్యాయి, మేలు కోరే విశిష్టులు, అసూయ లేనివారు. ఈ జాబితాలో గురువుతో పాటు శిష్యుడూ, తోటి విద్యార్థీ ఉండటం గమనించదగినది. జ్ఞానం పై నుంచి కిందికి మాత్రమే ప్రవహించదని న్యాయశాస్త్రం గుర్తించింది. చరక సంహిత విమానస్థానంలో వైద్యుల మధ్య జరిగే చర్చను రెండుగా విభజించింది: కలిసి సత్యాన్ని వెతికే సంధాయ సంభాష ఒకటి, ఎదుటివాడిని ఓడించడానికి చేసే విగృహ్య సంభాష మరొకటి. ఆ విద్య తెలిసినవారితో చేసే చర్చ వల్ల సందేహం తీరుతుంది, విన్న విషయం గట్టిపడుతుంది, విననిది తెలుస్తుంది అని చరకం చెబుతుంది. రికార్డైన పాఠం ఎంత బాగున్నా వినేవాడి సందేహాన్ని అది వినలేదు. శ్రవణం ఒంటరిగా సాగవచ్చు. శ్రవణం వల్ల పుట్టిన సందేహాన్ని యుక్తితో పరిశీలించే మననం ఎదురుగా మరో బుద్ధి ఉన్నప్పుడు పదునెక్కుతుంది.

సత్యకాముడి కథలో రెండో భాగం ఈ వాదాన్ని ఇంకా ముందుకు తీసుకుపోతుంది. గురువు అతన్ని చేర్చుకున్న వెంటనే పాఠం మొదలుపెట్టకుండా నాలుగు వందల బక్క ఆవులను అప్పగించాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని సత్యకాముడు అడవికి వెళ్ళాడు. ఏళ్ళ తర్వాత తిరుగు ప్రయాణంలో ఒక ఎద్దు, అగ్ని, హంస, నీటికాకి ఒక్కొక్కటీ అతనికి బ్రహ్మం గురించి ఒక్కొక్క పాదం చెప్పాయి. ఆశ్రమానికి చేరేసరికి అతని ముఖంలో జ్ఞానకాంతి కనిపించి, నీకెవరు బోధించారని గురువు అడిగాడు. మనుషులు కాని వారు బోధించారని చెప్పి కూడా, మీరే నాకు చెప్పాలని అతను కోరాడు. గురువు అదే విద్యను ఏమీ విడిచిపెట్టకుండా మళ్ళీ చెప్పాడు. పనిచేస్తూ నేర్చుకున్నది నిజమైన జ్ఞానమేనని ఈ కథ ఒప్పుకుంటున్నది. ఆ జ్ఞానం గురువు సమక్షంలో మాటగా మారి సరిచూసుకోబడినప్పుడే పూర్తవుతుందని కూడా చెబుతున్నది. ఉపనిషత్తులలో పనిచేసుకుంటూ చదివిన విద్యార్థి ఎవరని అడిగితే చెప్పవలసిన మొదటి పేరు సత్యకాముడిది.

నియమిత దినం ఎందుకన్న ప్రశ్నకు పతంజలి యోగసూత్రాలు సమాధానమిస్తాయి. చాలాకాలం పాటు, ఎడతెగకుండా, ఆదరంతో చేసిన అభ్యాసమే దృఢంగా నిలుస్తుందని అక్కడ ఉంది. ఇష్టం వచ్చినప్పుడు చదువుకునే స్వేచ్ఛ తీరిక ఎక్కువగా ఉన్నవారికి వరం. రోజంతా పనిచేసి అలసినవారికి అదే స్వేచ్ఛ రేపటికి వాయిదా వేసుకునే అవకాశమవుతుంది. ఎవరో ఎదురుచూస్తారన్న ఎరుక, ఫలానా రోజు ఫలానా చోట ఒక కుర్చీ తన కోసం ఉందన్న నమ్మకం, అలసిన మనిషిని చదువు దగ్గరికి తీసుకువస్తాయి. ధార్మిక సంస్థలకు ఈ సంగతి బాగా తెలుసు. శుక్రవారపు జుమ్మా నమాజు, ఆదివారపు చర్చి ప్రార్థన, శనివారం వేంకటేశ్వరుడి దర్శనం వారానికి ఒక ఆకారం ఇస్తాయి. హైదరాబాదులో ఆషాఢ మాసపు బోనాలు ఆదివారాలలో జరగడం వల్ల పనిచేసే జనం కూడా ఆ వేడుకకు కేంద్రంలో ఉండగలుగుతారు. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి గానీ, ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం గానీ పొద్దున్న పనికి పోయే ముందూ, సాయంత్రం పని నుంచి వచ్చాకా దర్శనానికి వీలిచ్చే వేళలు పాటిస్తాయి. భక్తుడి పనిదినాన్ని గుడి గౌరవించినట్టు విద్యార్థి పనిదినాన్ని విశ్వవిద్యాలయం గౌరవించాలన్నది అందుకే అన్యాయమైన కోరిక కాదు.

ఆదివారం కూడా లేనివారు

ఈ విచారమంతా ఫిల్మ్‌నగర్ దగ్గరికి వచ్చేసరికి కఠిన పరీక్షకు నిలుస్తుంది. మద్రాసు నుంచి తెలుగు సినిమా క్రమంగా తరలివచ్చిన దశాబ్దాలలో, 1976లో ఆరంభమైన అన్నపూర్ణ స్టూడియోస్, ఆ తర్వాత రామానాయుడు స్టూడియోస్ వంటి సంస్థల చుట్టూ ఈ కొండలు పరిశ్రమకు ఇల్లయ్యాయి. తెర మీద కనిపించే కొద్దిమంది వెనుక, పరిశ్రమ 24 క్రాఫ్ట్స్ అని పిలుచుకునే శాఖలలో లైట్‌మెన్, సెట్ వర్కర్లు, మేకప్, కాస్ట్యూమ్ సహాయకులు, ప్రొడక్షన్ బాయ్స్, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు వేల సంఖ్యలో ఉన్నారు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వీధులలో అద్దెగదులలో ఉంటూ రోజువారీ కాల్షీట్ మీద బతికే వారిలో చదువు మధ్యలో ఆపి ఊరు విడిచి వచ్చినవారికి కొదవ లేదు. చదువు ఆగిపోయి పనిలో పడినవారి కోసమే సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం ఉన్నది వీరు రోజూ తిరిగే జూబ్లీహిల్స్ రోడ్ల మీదనే.

కానీ ఈ కార్మికులకు ప్రతి ఆదివారమూ సెలవు కాదు. పరిశ్రమలో సెకండ్ సండే అని పిలిచే నెలలోని రెండో ఆదివారమే సెలవుగా పాటించే ఆనవాయితీ ఉంది. మిగతా ఆదివారాలలో షూటింగు ఉంటే పనికి పోవలసిందే, లేకపోతే ఆ రోజు కూలి లేదు. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం కార్మికులు రెండు వారాలకు పైగా షూటింగులు ఆపినప్పుడు, చర్చలలో కూలి రేటుతో పాటు సెలవు దినాలలో చేసే పనికి ఎంత లెక్క కట్టాలన్నది కూడా వివాదాంశమైంది. ఆదివారం ఎవరి చేతిలో ఉన్నదన్న లోఖండే నాటి ప్రశ్న ఇక్కడ ఇంకా ముగియలేదు. అందువల్ల ప్రతి ఆదివారమూ జరిగే సంపర్క తరగతి గుమాస్తాకూ, గృహిణికీ, దుకాణంలో పనిచేసేవాడికీ తెరిచిన తలుపైనా, సినిమా కార్మికుడికి నెలకొకసారి మాత్రమే తెరుచుకుంటుంది. ఏ నియమమూ అతన్ని కాదనలేదు, కాదన్నది క్యాలెండరు. పుట్టుకతో, ధ్రువపత్రంతో పెట్టిన అడ్డు కంటికి కనిపిస్తుంది గనుక దాన్ని ఎదిరించడానికి ఉద్యమాలు వచ్చాయి. వేళ రూపంలో ఉన్న అడ్డును ఎవరూ పెట్టినట్టు కనిపించదు, పైగా రానివాడికే శ్రద్ధ లేదన్న నింద మిగులుతుంది. శ్రద్ధ లేకపోవడానికీ తీరిక లేకపోవడానికీ మధ్య ఉన్న భేదాన్ని చూడలేని విద్య అధికారిని తప్పుగా గుర్తిస్తుంది.

ఆచార్య రాంరెడ్డి పేరిట దూరవిద్య మీద పరిశోధనకు ఒక కేంద్రం ఈ విశ్వవిద్యాలయంలోనే ఉంది. పరిశోధన కేంద్రం సహజంగా చేయవలసిన పని తన చుట్టూ ఉన్న ప్రశ్నను గుర్తించడం. జూబ్లీహిల్స్ రోడ్ల మీద ఉన్న విశ్వవిద్యాలయానికి ఫిల్మ్‌నగర్ కన్నా దగ్గరగా దొరికే ప్రశ్న లేదు. షూటింగుల క్రమం ఎలా ఉంటుంది, కాల్షీట్ల మధ్య ఎంత విరామం దొరుకుతుంది, ఏ వేళలో కార్మికులు గదికి చేరుతారు, సినిమాలు విడుదలయ్యే పండుగ రోజులకు ముందు పని ఎలా పెరుగుతుంది అన్న విషయాలు అధ్యయనం చేసి, దానికి తగినట్టు వారంలో ఒక సాయంకాల గోష్ఠినీ, ప్రతి నెలా రెండో ఆదివారం ఒక పూర్తి దినపు సంపర్క తరగతినీ ఏర్పాటు చేయడం అసాధ్యమైన పని కాదు. ఆ గోష్ఠి చరకం చెప్పిన సంధాయ సంభాష కావాలి. వెలుగును ఎక్కడ నిలిపితే ముఖం ఎలా మారుతుందో లైట్‌మన్‌కు తెలుసు. ఒక మాట ఏ యాసలో పలికితే ఏ జిల్లా మనిషి అవుతాడో డబ్బింగ్ కళాకారుడికి తెలుసు. పాత కాలపు వస్త్రధారణ గురించి కాస్ట్యూమ్ విభాగానికి తెలిసినది చరిత్ర విద్యార్థికి పుస్తకంలో దొరకదు. సత్యకాముడికి ఎద్దూ హంసా బోధించినట్టు వీరికి వారి పని చాలా బోధించింది. ఆ జ్ఞానాన్ని శాస్త్ర పరిభాషలోకి తీసుకురావడానికి వారికి ఆచార్యుడు కావాలి, ఆచార్యుడికి కూడా వారు కావాలి. ఇరువురూ ఒకరినుంచి ఒకరు నేర్చుకునే చోటే న్యాయసూత్రం చెప్పిన సంవాదం జరుగుతుంది.

అధికారాన్ని గురించిన పాత చర్చ పుట్టుక దగ్గర ఆగిపోయింది. ఆధునిక చర్చ ధ్రువపత్రం దగ్గర ఆగిపోయింది. ఆ రెండు అడ్డంకులనూ తొలగించిన సంస్థకు మూడోదాన్ని తొలగించే బాధ్యత మిగతావారి కన్నా ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే మొదటి రెండూ తొలగాయి గనుకనే మూడోది బయటపడింది. భిక్షువుల నుంచి ధర్మం వినాలని వచ్చిన మగధ ప్రజలు తమకు కావలసినది అడిగి సాధించుకున్నారు. ఈనాటి శ్రామికుడు అడగకముందే గ్రహించి ఏర్పాటు చేయడం విశ్వవిద్యాలయం పేరుకు తగిన పని. జూబ్లీహిల్స్ సార్వత్రిక విశ్వవిద్యాలయ ఆచార్యులూ, పరిశోధకులూ ఫిల్మ్‌నగర్ కార్మిక సంఘాలతో కలిసి కూర్చుని, వారికి వీలైన రోజును వారినే అడిగి నిర్ణయించి, ఆ రోజున తప్పకుండా తరగతి జరపాలి. 1982లో నాగార్జునసాగర్‌లో ఇచ్చిన మాట అప్పుడే పూర్తిగా నిలబడుతుంది.